పెద్దసారు కుర్చీ

సోమవారం పొద్దున థర్మామీటరు నూటొకటి చూపించింది. వెంకటరత్నం దాన్ని గబగబా విదిలించి డబ్బాలో పడేశాడు.

"జ్వరమేనా?" అంది భార్య రాజ్యం.

"ఒళ్లు కాస్త వెచ్చబడింది, అంతే. ఇవాళ పైకి కమిటీ వస్తోంది. నేను లేకపోతే పైవాళ్లకు కాలూ చెయ్యీ ఆడదు."

పైన అంటే మెట్టుగూడలోని వాళ్ల సొంత ఇంటి మేడమీద. అక్కడ ఏడాదిగా ఉపగ్రహాలకు రిసీవర్లు తయారుచేసే ఓ చిన్న కంపెనీ అద్దెకుంటోంది. మబ్బైనా మట్టైనా తన వేడిని బట్టి సన్నని తరంగాలు విడుస్తుందట. ఆకాశం నుంచి వాటిని పట్టుకుంటే ఎక్కడ ఎంత తేమ ఉందో, వాన ఎటు పోతోందో తెలుస్తుందట. అలాంటి యంత్రాలు బాగా పనిచేయాలంటే గడ్డకట్టించే చలిలో పెట్టాలి. వీళ్లది మామూలు గది వేడిలోనే పనిచేస్తుంది. ఆ సంగతి ఇవాళ కమిటీ ముందు రుజువైతే ఉపగ్రహంలో చోటు. లేకపోతే కంపెనీకి తాళం.

వెంకటరత్నానికి రైల్వే సిగ్నళ్లలో ముప్పై నాలుగేళ్ల అనుభవం. రిటైరయ్యాక దాన్ని వినేవాళ్లే కరువయ్యారు. ఇంట్లో నోరు తెరిస్తే రాజ్యం టీవీ సౌండు పెంచుతుంది. అందుకని రోజూ పదింటికి మేడెక్కి సలహాలు చెప్పడం మొదలుపెట్టాడు.

మొదటి వారం పైవాళ్లు మొహాలు చిట్లించారు. రెండో వారానికి ఏమైందో ఏమో, మర్యాద ఒక్కసారిగా పెరిగింది. గది మధ్యలో, యంత్రానికి ఎదురుగా ఆయనకో చెక్క కుర్చీ వేశారు. అంగుళం కూడా జరగకుండా కాళ్ల చుట్టూ సుద్దతో గీతలు గీశారు. పది దాటితే టెక్నీషియన్ హరికిషన్ స్వయంగా కిందికి దిగుతాడు.

"పెద్దసార్, జెర వస్తరా? మీరొస్తేనే పని షురూ అయితది."

ఆయన చెబుతున్నంతసేపూ ఇంజినీరు శ్రీలేఖ ఏదో రాసుకుంటూనే ఉంటుంది. "స్వెటర్ తీసేసి ఫ్రీగా కూర్చోండంకుల్" అంటుంది. "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి అదీ రాసుకుంటుంది. కట్టుకున్న భార్య కూడా అంత ఇదిగా అడగదు కదా అని ఆయన మురిసిపోయేవాడు.

అలాంటివాళ్లను ఇవాళ నట్టేట వదిలేస్తాడా? మాత్ర మింగి మేడెక్కాడు. కుర్చీలో కూర్చోబెడుతూ హరికిషన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మేడమ్, పెద్దసార్‌కు ఒళ్లు కాలుతున్నది."

శ్రీలేఖ మొహం పాలిపోయింది. "ఎంతుందంకుల్? కరెక్టుగా చెప్పండి."

"నూటొకటి. మాత్ర వేసుకున్నాను, దిగిపోతుంది. మీ కోసం కూర్చోగలనమ్మా."

"మాత్ర కూడానా?" ఆమె తల పట్టుకుంది. "వద్దంకుల్. ఇవాళ మీరు కూర్చోవద్దు. మీరిలా ఉంటే మేం టెస్ట్ చేయలేం."

ఆ అభిమానానికి వెంకటరత్నం కళ్లు చెమర్చాయి. మెట్లు దిగుతుంటే కమిటీ ఎదురైంది.

"వెంకటరత్నం గారంటే మీరేనా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన. "వీళ్ల రిపోర్టుల్లో ప్రతి పేజీలోనూ మీ పేరే."

జ్వరం సగం అక్కడే దిగిపోయింది.

మంచమెక్కాడే గాని మనసంతా పైనే ఉంది. తను లేకుండా ఎలా నెట్టుకొస్తారు? కాసేపట్లో హరికిషన్ పరుగెత్తుకొచ్చాడు. చూశావా, నాకోసమే అన్నట్టు వెంకటరత్నం లేచి కూర్చున్నాడు. వాడు మాత్రం వంటింటి వైపు పోయాడు.

"అమ్మా, మీరు మోకాళ్లకు పెట్టుకునే వేడినీళ్ల సంచి జెర ఇస్తరా?"

కమిటీలో ఎవరికో నడుం నొప్పి కాబోలనుకున్నాడు వెంకటరత్నం.

మధ్యాహ్నం పైనుంచి చప్పట్లు వినిపించాయి. నేను లేకుండానే అయిపోయిందా అనుకున్నాడు.

సాయంత్రం శ్రీలేఖ మైసూర్‌పాక్ పెట్టెతో వచ్చింది. "పాసయ్యామంకుల్. అంతా మీ చలవే. ఇదిగో రిపోర్టు, మొదటి పేజీలోనే మీ పేరుంది."

వెంకటరత్నానికి ప్రాణం లేచొచ్చింది. రాజ్యం చేత టీవీ ఆపించాడు. కళ్లజోడు పెట్టుకుని, ఆమెకు వినబడేలా గట్టిగా చదివాడు:

"రోజూ రిసీవరు ఎదుట ఉంచి కొలతలు సరిచూసుకునే, ఎప్పుడూ ఒకే వేడిలో ఉండే వెచ్చని వస్తువు, శ్రీ వెంకటరత్నం గారు, జ్వరం వల్ల నేడు పనికిరానందున, వారి స్థానంలో వేడినీళ్ల సంచిని వాడడమైనది."