కొసలు కలవని వలయం

వలయాలన్నీ మూసుకునే ఉంటాయని యంత్రానికి నేర్పిన పెద్దమనుషులారా, బాలవ్వ పని పోయిన పాపం మీదే.

కోరుట్లలో బీడీలు చుట్టిన చేతులు ఇప్పుడు ఇళ్లలోనే గెలాక్సీల బొమ్మలు చూసి బటన్లు నొక్కుతున్నాయి. గెలాక్సీ నడుమ కడ్డీలా సాగిన చుక్కల గుంపు తిరుగుడుకు చుట్టూ ఉన్న చుక్కల నడక జత కుదిరిన చోట వాయువు పేరుకుని వలయం కడుతుంది. అది ఉందో లేదో చెప్పాలి. బటన్లు ఆ రెండే. ముందు యంత్రం తన జవాబు చెబుతుంది, మనిషి దాన్ని సరిచూడాలి.

ఆ రోజు నాలుగు వందల బొమ్మలు చూశాక వచ్చిన ఒకదానికి యంత్రం "ఉంది" అంది. మండే కళ్లు నలుపుకుని బాలవ్వ కోడలికి చూపింది.

"ఇది గాజు కాదే రజితా, కడియం. కొసలు కలవలే."

"ఉందని కొట్టు అత్తా. ఇంకొక్కసారి యంత్రం మాట కాదంటే నీ పని కార్డు గుంజుకుంటరు."

"అదెన్నడన్న కడియం తొడిగిందా?"

బాలవ్వ "లేదు" నొక్కింది. అదీ పూర్తి నిజం కాదని ఆమెకు తెలుసు. కార్డు రద్దయింది.

కొసలు కలవని వలయానికి మూడో బటన్ పెట్టండి. బాలవ్వ కార్డు ఇవాళే తిరిగివ్వండి.