మనిషికో వాటా

"సన్యాసమ్మకి నెలకి పదిహేనొందలేటి బావూ?" అని గుమ్మంలో నిలబడే అడిగేశాడు పైడిరాజు.

డాక్టర్ లోకనాథ్ చేతిలో రిపోర్టు పక్కన పెట్టి తలెత్తాడు. కాశీబుగ్గలో నర్సింగ్ హోమ్ పెట్టి పదేళ్లయింది. ఓపీ టైములో, రోగులందరూ వింటుండగా జీతాల ఊసెత్తిన మనిషి ఇప్పటిదాకా లేడు. లోపలికి రమ్మని తలుపు వేయించాడు. వచ్చినవాడు ఉద్దానం తీరంలో చేపల వేట మీద బతికే మనిషి. తెల్లారి వేట నుంచి తిరిగొచ్చి నేరుగా బస్సెక్కినట్టున్నాడు, లుంగీ అంచు ఇంకా తడిగానే ఉంది.

కూర్చోమంటే కూర్చోలేదు. పిల్ల చెబితే విన్నాడట. ఒకే వార్డులో ఒకే డ్యూటీ చేసే నర్సుల్లో ఒకరికి పదిహేనువందలు, ఒకరికి మూడువేలు, ఇంకొకరికి ఆరువేలు ఇస్తున్నారట. ఇదేం న్యాయమో కనుక్కుందామని వచ్చాడు.

డాక్టరుకి కోపం కంటే ముందు నవ్వొచ్చింది. కూతురి కోసం వకాల్తా పుచ్చుకుని వచ్చే తండ్రులు ఆయనకి కొత్త కాదు. ఓపిగ్గానే చెప్పాడు. ఏఎన్నెం అంటే పద్దెనిమిది నెలల చదువు, సన్యాసమ్మది అదే. జీఎన్నెం మూడున్నరేళ్లు. బీఎస్సీ నర్సింగు నాలుగేళ్లు, అదంతా ఇంగ్లీషులో. జయశ్రీ అనే అమ్మాయి విశాఖలో బీఎస్సీ చదివి మూడు నెలల కిందటే ఇక్కడ చేరింది. పలాస చుట్టుపక్కల అలాంటి నర్సు దొరకడం గగనం. ఆమె ఉందన్న ధీమాతోనే పెద్ద ఆపరేషన్లకి బయటి నుంచి సర్జన్లు వస్తున్నారు. చదువును బట్టి జీతమన్నది తను పెట్టిన రూలు కాదని, లోకం తీరే అదని ముగించాడు.

"ఆ అచ్చరాలు నాకు తెలవవు బావూ. మా పడవ సంగతి సెప్తాను ఇనండి."

తమ పడవలో ఆరుగురు వేటకెళతారట. చేపలమ్మగా వచ్చినదాంట్లో పడవకో వాటా, వలకో వాటా తీసి, తక్కింది మనిషికో వాటా వేస్తారట. తెడ్డు వేసినవాడికీ వల లాగినవాడికీ ఒకటే. ఆ ఆరుగురిలో ఒకడు పదో తరగతి పాసయ్యాడు. వాడి సర్టిఫికెట్టు చూసి చేపలేవీ ఎక్కువ పడలేదు గనక వాడి వాటా పెంచలేదన్నాడు.

"బాగానే ఉంది. మరి ఇక్కడ పడవ నాది కదా," అన్నాడు డాక్టర్.

"పడవ వాటా మీరు తీసుకోండి బావూ, ఎవులు కాదన్నారు?"

డాక్టర్ నవ్వు సగంలో ఆగిపోయింది. పైడిరాజు మాత్రం ఆగలేదు. చదువుకి విలువ లేదని తను అనడం లేదట. పడవలో పెద్దకి తామూ అర వాటా ఎక్కువిస్తారు. కానీ ఈ నాలుగు రెట్ల తేడా ఏమిటి? కవిటి నుంచి వచ్చే కిడ్నీ రోగుల చేతుల్లో నరం దొరకదు. మొన్న ఆ ఆరువేల జీతం అమ్మాయి రెండుసార్లు గుచ్చి, నరం దొరక్క కళ్లనీళ్లు పెట్టుకుంటే, పక్క మంచం దగ్గర్నుంచి వచ్చి వేలితో తడిమి ఒక్క పోటుతో సూది ఎక్కించింది ఎవరు? ఆ తర్వాత ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆ పని నేర్పింది ఎవరు?

సన్యాసమ్మే. ఆ సంగతి డాక్టరుకి తెలియనిది కాదు. తనకి నరం దొరక్కపోయినా ఆమెనే పిలుస్తాడు. కానీ అది ఒప్పుకుంటే జీతం పెంచాలి, ఒకరికి పెంచితే మిగతావాళ్లు లైను కడతారు.

పనిమంతురాలు కాదని తను అనలేదన్నాడు. "ఆ ముక్క ఆమే వచ్చి అడగొచ్చుగా. నిన్నెందుకు పంపింది?"

"సన్నేసమ్మ పంపలేదు బావూ. నానొచ్చినట్టు ఆ పిల్లకి తెలవదు కూడాను. ఎనిమిదేళ్లుగా నోరెత్తని మనిసి ఇయ్యాల ఎత్తుతాదా? మూడువేలు సెయ్యండి. అంతకన్నా అడగను."

ఆ మాటన్నప్పుడు పైడిరాజు వెన్ను నిటారుగా ఉంది. అడుక్కునే గొంతు కాదది. రెక్కల కష్టం తప్ప ఇంకొకటి తినని మనిషి గొంతు. అదే డాక్టరుకి గుచ్చుకుంది. తన గదిలో నిలబడి తనకే న్యాయం చెప్పడమా?

"ఏఎన్నెంలు వీధికి పదిమంది దొరుకుతారు. ఇక్కడి పద్ధతి నచ్చకపోతే రేపట్నించి మీ అమ్మాయిని పంపకు. నాకొచ్చే నష్టమేమీ లేదు."

"ఖాయంగా సెప్తన్నారా బావూ?"

"ఖాయంగానే చెబుతున్నాను."

పైడిరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మొహంలో కోపం లేదు సరికదా, కళ్లు మెరుస్తున్నాయి.

"మా పిల్లా అదే అంది బావూ. మీరు ఒప్పుకోపోతే మానేత్తానని పొద్దున్నే సంచి సదురుకుంది. నాలుగచ్చరాలు రాని నా కడుపున అలాటి పిల్ల పుట్టింది. నాకింకేటి కావాల? గేటు కాడుంది, తీసుకెళ్లిపోతాను."

దండం పెట్టి బయటికి నడిచాడు. పీడా పోయిందనుకుంటూ డాక్టర్ కిటికీలోంచి చూశాడు.

గేటు దగ్గర సంచితో నిలబడి తండ్రి కోసం ఎదురుచూస్తున్నది సన్యాసమ్మ కాదు, జయశ్రీ.