తొమ్మిదీ ఆడవే

"మీ ఫ్రెంచి పాటలు వినేవాళ్ళని ఒక్కరిని చూపించండి. ఒక్కరిని!" అన్నాడు దెమారే.

మాంట్రియల్‌లో ఆ రికార్డుల కంపెనీకి ఆయనే యజమాని. ఎదురుగా అక్కచెల్లెళ్ళిద్దరూ తలలు వంచుకుని కూర్చున్నారు. ఒడీల్ అక్క, జినెట్ చెల్లెలు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పల్లెపాటల్ని ఇద్దరూ గొంతు కలిపి పాడి, రికార్డు చేసి ఏడాదయింది. దుకాణాల్లో దాని మీద దుమ్ము పడిందే తప్ప ఒకరి చెయ్యి పడలేదు.

"ఈసారి ఇంగ్లీషులో పాడండి. లేదంటే మీ దారి మీది, నా దారి నాది."

ఒడీల్ బుగ్గలు ఎర్రబడ్డాయి. సంచిలోంచి ఒక ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక్కరు కాదు, తొమ్మిదిమంది. చదవండి."

దెమారే కళ్ళజోడు సవరించుకుని పైకే చదివాడు.

"అమ్మలూ, నా పేరు అదెలార్ తిబోదో. మాది బోస్ పల్లెసీమ. నాకున్నవి తొమ్మిది. తొమ్మిదీ ఆడవే. ఒక్కదానికీ నా మాటంటే లెక్కలేదు. మీ రికార్డు వచ్చాకే నాకు మనశ్శాంతి. రెండు పూటలా పెట్టాల్సిందే. మార్గరీత్ అయితే నోట్లో ఉన్నది నమలడం కూడా మర్చిపోయి వింటుంది. కరోలిన్‌కి మొన్న వసంతంలో బిడ్డ దూరమైంది. మూడు రోజులు తిండి ముట్టలేదు. మీ జోలపాట విన్నాకే అది మళ్ళీ మామూలైంది, నేను కూడా. మార్పుగా ఉంటుందని ఒకనాడు ఇంగ్లీషు పాట పెట్టాను. బ్లాన్ష్ నన్ను కాలెత్తి తన్నింది. మీరు చల్లగా ఉండాలి."

దెమారే ఉత్తరం దించాడు. "తన్నిందా!"

"ఇంగ్లీషు పాటకి," గుర్తుచేసింది జినెట్.

"ఇది మీరే రాసుకుని తెచ్చారేమో, ఎవరికి తెలుసు? శనివారం ముగ్గురం వెళ్దాం. నిజమని తేలితే రెండో ఫ్రెంచి రికార్డు చేయించే పూచీ నాది."

శనివారం దారిపొడుగునా మంచు. దెమారే కారు నడుపుతున్నాడు. వెనక సీట్లో అక్కచెల్లెళ్ళు.

"తొమ్మిదిమంది కూతుళ్ళు! ఆ తల్లి ఎలా కన్నదే బాబూ!" అంది జినెట్.

"మన అమ్మమ్మకి పధ్నాలుగుమంది. ఆవిడేమైనా అలిసిపోయిందా?"

"అలిసిపోకపోతే ఆ జోలపాట అంత నిద్రమత్తుగా ఎందుకుంటుందీ?"

ఒడీల్ నవ్వాపుకుంటూ చెల్లెలి ఒళ్ళోని సంచిలోకి తొంగిచూసింది. తొమ్మిది దువ్వెనలు, తొమ్మిది లిప్‌స్టిక్‌లు.

"బ్లాన్ష్‌కి ముదురు ఎరుపు తెచ్చా. పొగరుబోతు పిల్లకి అదే నప్పుతుంది," అంది జినెట్.

అదెలార్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి. చెవులు మూసే టోపీ తీసి గుండెకి హత్తుకున్నాడు.

"నిజంగా మీరేనా తల్లీ! రండి రండి. అయ్యా, మీరూ రండి."

వేడివేడి బఠాణీ సూపు పెట్టాడు. తర్వాత మీగడ దట్టించి కాఫీ ఇచ్చాడు. అలాంటి కాఫీ తాను పట్నంలో తాగలేదంటూ దెమారే రెండోసారి కప్పు చాపాడు.

"మీ ఆవిడ కనబడరేం?" అడిగింది ఒడీల్.

"పోయి ఆరేళ్ళయిందమ్మా. ఆ తొమ్మిదే నాకు దిక్కు."

జినెట్ చటుక్కున సంచి అందించింది. అదెలార్ ఒక లిప్‌స్టిక్ మూత తీసి, వాసన చూసి, అయోమయంగా మళ్ళీ మూత పెట్టేశాడు.

"మీ అభిమానం. కానీ బ్లాన్ష్ ఇదంతా నాకేస్తుందేమో..."

"ఆడపుట్టుక కదండీ, సరదా ఉండదూ?" అంది జినెట్.

దెమారే గొంతు సవరించుకున్నాడు. "ఇక పిలవండి, అందర్నీ చూద్దాం."

"ఇక్కడికా! ఈ గదిలో చోటెక్కడిదయ్యా? మనమే అటు పోదాం."

ఇంటి వెనక్కి నడిచారు. ఎదుటి మనిషి వీపు కూడా ఆనని మంచు. ఒకరి కోటు ఒకరు పట్టుకుని అదెలార్ వెనకే వెళ్ళారు. ఒక పెద్ద చెక్క తలుపు దగ్గర ఆగి, అతను పెదాల మీద వేలుంచాడు.

"కొత్త మొహాలంటే బెదురు. ముందు బయటి నుంచే పాడండి. గొంతు గుర్తుపడితే ఇక భయముండదు."

లోపల ఏదో తోపులాట. చెక్కని తన్నిన చప్పుడు.

"బ్లాన్ష్," అన్నాడు అదెలార్ సిగ్గుపడుతూ.

ఒడీల్ అందుకుంది. రెండో చరణంలో జినెట్ గొంతు కలిపింది. చలికి పెదాలు వణుకుతున్నా అమ్మమ్మ జోలపాట మంచులోకి మెల్లగా పాకింది.

లోపల తోపులాట ఆగింది. చప్పుడు ఆగింది. ఎవరో బరువుగా, సుదీర్ఘంగా నిట్టూర్చారు.

"కరోలిన్," గుసగుసగా అన్నాడు అదెలార్. అతని కళ్ళు తడిశాయి.

పాట అయిపోయింది. లోపల ఒక్క అలికిడి లేదు. దెమారే జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదాడు.

"ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇలాంటి నిశ్శబ్దం ఏ హాల్లోనూ వినలేదు. అమ్మాయిలూ, రెండో రికార్డు ఫ్రెంచిలోనే. ఇదిగో, ఈ పెద్దమనిషి చేతిలో చెయ్యేసి చెబుతున్నాను."

జినెట్ అక్కని కావిలించుకుని గిర్రున తిప్పింది.

"ఇక తలుపు తియ్యండి," అన్నాడు దెమారే. "ఆ ఆడపడుచులు ఏమంటారో వాళ్ళ నోటితోనే వింటాను."

అదెలార్ సంబరంగా గడియ తీశాడు.

గుప్పున కొట్టిన వెచ్చటి ఆవిరిలోంచి తొమ్మిదీ తలలెత్తి చూసి, ఏకకంఠంతో "అంబా" అన్నాయి.