నాలుగో ఉదాహరణ

...అయినా, ఒక మెయిల్ చెత్త అని యంత్రానికి చెప్పడానికి ఇన్ని వాక్యాలు కావాలా? మనిషికైతే ఒక చూపు చాలు.

హిందూపురంలోని అద్దె గదిలో కూర్చుని ప్రమోద నాలుగో ఉదాహరణ రాసింది.

‘పంపినవారు: దుకాణం. విషయం: ఖాళీ. తెలియని ఆడియో ఫైలు ఉంది. తెరవకూడదు. ఏజెంట్ దీన్ని స్పామ్‌గా గుర్తిస్తుంది. ఇకపై ఆ చిరునామా నుంచి వచ్చేవన్నీ నేరుగా స్పామ్‌లోకే పోతాయి.’

మనుషుల బదులు మెయిళ్లు చదివిపెట్టే ఏఐ ఏజెంట్ల కోసం ఆమె కంపెనీ ఒక టూల్ తయారు చేసింది. దాన్ని ఎలా వాడాలో రాయడం ఆమె పని. పరీక్షకు తన మెయిల్‌నే ఇచ్చింది; ఉదాహరణలూ అందులోవే.

టీ తాగింది. చల్లారిపోయిందని తాగాక తెలిసింది.

మూడు నెలలుగా అన్నీ ఇలాగే, కాస్త ఆలస్యంగా తెలుస్తున్నాయి.

నాయన ఓబులేసు ధర్మవరం నుంచి ఆమెను చూడ్డానికి బయలుదేరాడు. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర టీకని బస్సు దిగి, రోడ్డు దాటుతుంటే లారీ తగిలింది. ఎవరో ఆస్పత్రిలో చేర్చి వెళ్లిపోయారు. ఆమె చేరేసరికి అయిపోయింది.

దినాల నాడు మేనత్త చౌడక్క అందరి ముందూ అంది.

“కన్నబిడ్డ ఉండి ఏం లాభం? నోట్లో గుక్కెడు నీళ్లు పడకుండా పాయనే నా తమ్ముడు!”

ప్రమోద ఏడవలేదు. ఆ మాట లోపల ఎక్కడో పడింది. ఎక్కడ పడిందో వెతకలేదు. పోయే ప్రాణానికి నీళ్లు పోయాల్సిన చెయ్యి, ఆ వేళ కీబోర్డు మీద ఉంది. అంతే.

ఫోన్ మోగింది. బెంగళూరు ఆఫీసు నుంచి అశోక్.

“ప్రమోదా, అంతా బాగుంది. ‘పొరపాటు జరిగితే’ అన్న భాగం ఖాళీగా ఉందే?”

“పొరపాటు జరగలేదు.”

“నాలుగోది చెత్తేనని నువ్వు చూశావా?”

“దుకాణం పేరు, ఖాళీ విషయం, తెలియని ఫైలు. ఇంకేం చూడాలి?”

“పరీక్ష జాబితా చూశా. ఎన్నిసార్లు స్పామ్‌లోకి పోయినా మళ్లీ మళ్లీ పంపారుగా. ఒకసారి కనుక్కో.”

పంపినవారి పేరు ‘మారుతి సెల్ పాయింట్, పెనుకొండ’. నంబరు వెతికి ఫోన్ చేసింది.

“మీరు నాకు మెయిళ్లు ఎందుకు పంపుతాండారు?”

“మేమా? వాట్సాప్‌లో తప్ప యాడా పంపమక్కా!”

“మీ షాపు పేరే ఉండాది.”

అవతల షాపతను మారుతి నవ్వాడు.

“అదా! ఈ పెద్దోళ్లకి మెయిల్ ఐడీ అంటే ఏం తెలుసక్కా? అది లేకుంటే ఫోనులో ఏదీ పన్జేయదు. అందరికీ మా షాపు పేరే పెట్టి, ఎనక ఒక నంబరు ఏసిస్తాం. మీకొచ్చిందాంట్లో ఎంతుండాది?”

“పదిహేడు.”

“ఓ, ముత్యాలప్పన్నది! గొర్లు మేపుతాండె. మాట రికార్డు చేసి పంపేది నేనే నేర్పిచ్చినా. ‘ఎవరికప్పా ఇన్ని కబుర్లు, రెండో పెండ్లి సంబంధమా?’ అని ఎగతాళి చేస్తాంటిమి. నవ్వి ఊరకుంటాండె.”

“ఆయనతో మాట్లాడొచ్చా?”

మారుతి గొంతు తగ్గింది.

“పోయిన సోమవారమే పోయినాడక్కా. జొరమొచ్చి. ఆయప్ప భార్య సోమక్క నిన్ననే ఆ ఫోను తెచ్చిచ్చింది, అమ్మిపెట్టమని.”

ప్రమోద ఫోన్ పెట్టేసింది.

ఏమీ అనిపించలేదు. తెలియని మనిషి. తెలియని ఊరి గొర్రెలు. ఏమీ అనిపించడం లేదని గమనిస్తూ కాసేపు కూర్చుంది.

తెరవకూడదని తనే రాసిన ఫైలును తెరిచింది.

గాలి. గొర్రెల అరుపులు. ఒకదాన్ని అదిలించి, ఒక ముసలి గొంతు మొదలుపెట్టింది.

“అమ్మా, నేనెవరో నీకు తెలీదు. మీ నాయన జోబీలో నీ ఆపీసు కార్డు ఉండె. దాంట్లో నంబరు కలవలేదు. షాపు పిల్లోడు, ఈ అడ్రసుకు పంపితే పోతాదన్నాడు. గొర్లను రోడ్డు మీదనే ఇడిసొచ్చింటి, ఆస్పత్రి కాడ నిలబడలేకపోతి. తప్పనుకోవద్దు తల్లీ. ఒక మాట నీకు చెప్పల్లని ఇన్ని దినాలు పంపుతాండా. అందుతాండాదో లేదో...”

మిగతాది ఆమె కదలకుండా వింది. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి వింది.

కళ్లు తడిశాయని కాస్త ఆలస్యంగా తెలిసింది.

నాలుగో ఉదాహరణను ‘పొరపాటు జరిగితే’ కిందికి మార్చింది.

‘పంపినవారు’ దగ్గర ‘దుకాణం’ అన్న మాట చెరిపి, ‘ఆటోలో మా నాయన తలను ఒళ్లో పెట్టుకుని, నోట్లో చివరి గుక్క నీళ్లు పోసిన ముత్యాలప్ప’ అని రాసింది.