తొమ్మిది రోజుల వాంగ్మూలం

జడ్జిగారూ, నాకు రాయడం రాదు. తొమ్మిది రోజులుగా నేను చెబుతుంటే నా మనవరాలు కంప్యూటర్లో టైపు చేసింది. జావా నేర్చుకుంటోంది కాబట్టి, నా మాటలు ఫైల్లో దాచే ప్రోగ్రాం కూడా తనే రాసింది. ఈ పొద్దున ఫైలు తెరిస్తే నిన్న చెప్పిన నాలుగు ముక్కలే ఉన్నాయి.

"అమ్మమ్మా, పాతదాని కింద కలపమని ప్రోగ్రాంలో రాయడం మరిచాను. రోజూ పాతది తుడిచేసి కొత్తది రాసింది," అని గొల్లుమంది.

"ఎనిమిది రోజుల నా వాగుడు గాలికి పోయిందన్నమాట. ఏడుపు తర్వాత. సరిచేశావా?"

"చేశాను. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

"అంత టైమెక్కడిదే? అసలు ముక్క ఒక్కటి రాయి, చాలు."

కుట్టు కార్ఖానాలో మంటలు లేచినప్పుడు తలుపు దగ్గరికి ముందు పరుగెత్తింది నేనే. తలుపు తీసే ఉందని యజమాని చెప్పేది పచ్చి అబద్ధం. బయట తాళం వేలాడుతోంది. లోపలినుంచి నా కూతురు "అమ్మా, తాళం తియ్యి" అని అరిచింది.

ఇక్కడ మనవరాలి చేతులు ఆగిపోయాయి. "రాయవే, అది మీ అమ్మ ఆఖరి మాట," అన్నాను. రాసింది.

రేపు నా గొంతులో పుండు కోసేస్తారు. దాంతో మాట కూడా పోతుందట. వాయిదా వచ్చే నెల. ఆ రోజు పిలిస్తే పలకలేదని, సాక్షి రాలేదని రాసుకోకండి. ముందు బెంచీ మీదే కూర్చుని ఉంటాను.