నాలుగు నిమిషాల తేడా

సాయంత్రం సరిగ్గా ఐదూ నలభైకి రెండు కార్లూ ఇంటి ముందు పక్కపక్కన నిలబడ్డాయి.

"నీ ఫోన్లో ఎంతంటోంది బావా?" కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు బావమరిది.

"వంతెన మీదుగా పంతొమ్మిది నిమిషాలు."

"అక్క ఫోన్ మార్కెట్ వైపు పొమ్మంటోంది. పద్దెనిమిదంటోంది."

"దార్లో ఎక్కడా..."

"ఆగకూడదు. టీకి ఆగకూడదు, పెట్రోలుకి ఆగకూడదు. అది చూపించిన దారి తప్పకూడదు. ఇరవై మూడు రోజుల్నుంచి వింటున్నా. ఇంక నిద్రలో లేపి అడిగినా చెప్తా."

రెండు కార్లూ కదిలాయి. వీధి చివర ఒకటి ఎడమకి తిరిగింది, ఒకటి కుడికి.

బావది దుకాణాల్లో కాటాలు సరిచూసే ఉద్యోగం. ఒక్క తూకాన్ని నమ్మడం ఆయన వల్ల కాదు. అదే రాయిని అదే కాటాలో పదిసార్లు పెట్టి చూస్తేగానీ ముద్ర వేయడు.

రెండు నెలల క్రితం, భార్యకు గుండెనొప్పి వచ్చిన సాయంత్రం కూడా ఆయన కారులో రెండు ఫోన్లున్నాయి. ఒకటి ముందు స్టాండులో. రెండోది వెనక సీట్లో పడుకున్న భార్య చేతిలో. ఇంకో చేత్తో గుండె అదిమిపట్టుకునే ఆమె, "నాది మార్కెట్ వైపు చూపిస్తోందండీ" అంది.

"నాది ఎప్పుడూ తప్పు చెప్పలేదు" అని ఆయన వంతెన ఎక్కేశాడు.

మాట పట్టుకుని సాగదీసే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నర్సుతో మెల్లగా అన్న మాట ఆయన చెవిన పడనే పడింది. "రెండు మూడు నిమిషాలు ముందు తీసుకొచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం."

ఆ తర్వాత ఆయన ఏడవలేదు. ఆఫీసుకు వెళ్లాడు, కాటాలకు ముద్రలు వేశాడు. అన్నం వండుకునేవాడు, తినడం మర్చిపోయేవాడు. పొద్దున గిన్నె మూత తీస్తే రాత్రి వండింది వండినట్టే ఉండేది. ఆఫీసులో పక్క బల్ల గుమాస్తావిడ ఏమీ అడక్కుండా రోజూ ఆయన మంచినీళ్ల గ్లాసు నింపి పెట్టేది. అదొక్కటీ ఆయన గమనించాడు.

నెల తిరిగాక ఒకరోజు భార్య ఫోన్ తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"ఇద్దరం ఒకే టైముకి బయల్దేరదాం. నేను నా దారిన, నువ్వు దాని దారిన. ఏది ముందో తేలాలి."

"తేలితే ఏం చేస్తావు బావా?"

బావమరిది ఆయన ముఖం చూసి, ఫోన్ జేబులో వేసుకున్నాడు.

అప్పట్నుంచీ ఆదివారాలు తప్ప రోజూ ఇదే పని.

ఈ సాయంత్రం వంతెన దిగి ఆయన ఆసుపత్రి గేటు చేరేసరికి సరిగ్గా ఆరు. కాపలాదారు ఇప్పుడు చీటీ కూడా అడగడం లేదు. చూడగానే అడ్డుకర్ర ఎత్తేస్తున్నాడు. ఆయన కారు రేకుల షెడ్డు కింద పెట్టి, దిగి, వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు.

నాలుగు నిమిషాల తర్వాత, ఆసుపత్రి వెనక సందులోంచి మలుపు తిరిగి బావమరిది కారు వచ్చింది. మార్కెట్ దారి ఆ సందులోంచే వచ్చి గేటు దగ్గర కలుస్తుంది.

"మళ్లీ నాలుగు నిమిషాలు. ఆ మార్కెట్లో లారీలు, తోపుడు బండ్లు, జనం. ఆ దారి పట్టినవాడికి ఓ దండం."

"నీకు ఇంత మెల్లగా నడపడం వచ్చని మీ అక్కకి చెప్పినా నమ్మేది కాదు."

నిజమే. తమ్ముడి తొందర గురించి ఆమె ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది. "వీడు అమ్మ కడుపులో కూడా కుదురుగా ఉండలేక పదిహేను రోజులు ముందే దూకేశాడు."

"ఏం చేస్తాం. నువ్వు పెట్టిన షరతులు అలాంటివి" అన్నాడు బావమరిది. అతని కాలరు మీద వేరుశనగ పొట్టు అంటుకుని ఉంది. ఆయన దాన్ని దులిపాడు. చెయ్యి అక్కడే భుజం మీద ఉంచేశాడు.

"ఇరవై నాలుగు రోజులు. ఒక్కరోజు కూడా ఆ దారి ముందు రాలేదు" అన్నాడు.

"రాలేదు బావా."

"అయితే ఆ రోజు కూడా వచ్చేది కాదు."

"వచ్చేది కాదు."

ఆయన షెడ్డు స్తంభానికి ఆనుకున్నాడు. ఎవరి గురించో చెబుతున్నట్టు, "ఆకలేస్తోంది" అన్నాడు.

బావమరిది ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "పద, ఏదైనా తిందాం. ఇక దీంతో నాకు పనిలేదు, నీ దగ్గరే ఉంచు" అంటూ అక్క ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

ఆదివారం పొద్దున ఆయన అన్నం వండుకున్నాడు. వేడివేడిగా తిన్నాడు. గిన్నె కడిగి బోర్లించాడు. తర్వాత కిటికీ పక్కన కుర్చీ వేసుకుని భార్య ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అందులోంచి ఆసుపత్రి చిరునామా ఒక్కటి చెరిపేస్తే చాలు, మిగతావన్నీ ఆమె పెట్టుకున్నవి పెట్టుకున్నట్టే ఉండనివ్వొచ్చు అనుకున్నాడు.

దారి చూపే యాప్ తెరిచాడు. ఎవరూ అడక్కుండానే అది నెల ముగిసిందంటూ ఆ నెల తిరుగుళ్ల లెక్క తెర మీద పెట్టింది.

"ఈ నెల మీరు ఎక్కువసార్లు ఆగిన చోటు: ఆసుపత్రి వెనక సందు, ఇరవై నాలుగు సార్లు, ఒక్కోసారి ఏడు నిమిషాలు."