ముందు చదివే మనిషి

పడవవాడు ఎక్కకముందే పడవ మునిగిపోయింది.

పాఠంలో అలా లేదు. చదువుతున్న నత్తమ్మ మధ్యలో నాలుగు వరుసలు మింగేసింది.

క్లాసంతా ఘొల్లుమంది. ఇస్త్రీ ఆయన కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. ఎప్పుడూ తల వంచుకుని కూర్చునే వంటావిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోనీలెండి, వాడైనా బతికాడు," అంది నత్తమ్మ.

టీచరు మాత్రం నవ్వలేదు.

అది కుట్టుమిషన్ల షెడ్డు మీది గది. పగలంతా పనులకు పోయేవాళ్ళు సాయంత్రం అక్కడికొచ్చి చదువుకుంటారు. అక్షరాలు వచ్చాక చిన్న చిన్న కథలు చదివించి, వాటి గురించి మాట్లాడించి, తోచింది సొంతంగా రాయించడం టీచరు పద్ధతి. అందరూ అంతో ఇంతో ముందుకెళ్ళారు. నత్తమ్మే, వచ్చిన కొత్తలో ఎలా ఉందో అలాగే ఉంది. ప్రతి వాక్యం దగ్గరా నత్తలా ఆగి, దేకి, జారి, మళ్ళీ మొదటికొస్తుంది. పేర్లు పెట్టడంలో జనం తర్వాతే ఎవరైనా. అసలు పేరేమిటని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

"ఇంకెవరు చదువుతారు?" అంది టీచరు.

వంటావిడ లేచింది. తడబడుతూనే పడవను అవతలి ఒడ్డుకు చేర్చింది.

"బాగుంది. మరి పడవవాడు మళ్ళీ వెనక్కి ఎందుకెళ్ళాడు?"

"చెప్పులు మర్చిపోయి ఉంటాడు," అంది నత్తమ్మ, అందరికంటే ముందు.

మళ్ళీ నవ్వులు.

"కాదండీ," వంటావిడ నోరు విప్పింది. "ఇవతలి ఒడ్డున ముసలామె ఒక్కతే ఉండిపోయింది కదా. చీకటి పడితే ఆమెకెవరున్నారు?"

టీచరు పొంగిపోయింది. "ఆ మాటే రాయండి. అచ్చం అలాగే రాయండి," అంది.

క్లాసయ్యాక అందరూ వెళ్ళిపోయినా నత్తమ్మ వెళ్ళదు. బల్లలు సర్దుతుంది, బోర్డు తుడుస్తుంది.

"వెళ్ళి వండుకుంటావా అమ్మా, రొట్టెముక్కతో సరిపెట్టేస్తావా?"

"ఏదో ఒకటి లెండి," అంటుంది టీచరు, సంచీలో పుస్తకాలు కుక్కుకుంటూ.

ఆ ఊళ్ళో ఆమెను ఆ మాట అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు. అద్దెగది తలుపుకి వేలాడే తాళంకప్పే ఆమె కోసం ఎదురుచూసేది. ఆదివారాలు నోరు విప్పకుండానే గడిచిపోతాయి. ఈ సాయంత్రపు క్లాసు లేకపోతే తనకంటూ ఎవరూ లేరని ఆమెకు తెలుసు. అందుకే అది పోతుందేమోనని ఎప్పుడూ భయమే.

భయపడుతున్న కబురు రానే వచ్చింది. క్లాసు నడిపించే పెద్దసారు తనిఖీకి వస్తున్నారట. నేర్చుకున్నవాళ్ళు ఆయన ఎదుట చదవాలి. చదవకపోతే క్లాసు మూసేస్తారు.

ముందురోజు సాయంత్రం, బోర్డు తుడుస్తున్న నత్తమ్మ దగ్గరికెళ్ళింది టీచరు.

"రేపు మీరు రాకండి. ఏమీ అనుకోకండి. మీ చదువు వింటే మిగతావాళ్ళకీ ఏమీ రాదనుకుంటారు."

నత్తమ్మ గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది.

"అలాగేనమ్మా. మరి ముందు ఎవరు చదువుతారు?"

"చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు."

మాట కరుకుగా వచ్చిందని టీచరుకే అనిపించింది. సర్దిచెప్పబోయేలోపే నత్తమ్మ మెట్లు దిగిపోయింది.

మర్నాడు పెద్దసారు వచ్చి కూర్చున్నారు. కసురుకునే మనిషేం కాదు. నెమ్మదిగానే అడిగారు.

"ముందు ఎవరు చదువుతారమ్మా?"

అందరూ పుస్తకాల్లోకి తలలు దించేశారు.

టీచరు వంటావిడ వైపు చూసింది. వంటావిడ లేచింది, పుస్తకం తెరిచింది, పెదాలు కదిపింది. అంతలోనే పుస్తకం మూసి కూర్చుండిపోయింది. ఇస్త్రీ ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"నిన్న చదివారు కదండీ." టీచరు గొంతు బతిమాలుతున్నట్టు వినబడింది.

పెద్దసారు చాలాసేపే ఓపిక పట్టారు. చివరికి, "వచ్చే నెల నుంచి ఈ గదిని కింద షెడ్డువాళ్ళకు ఇచ్చేద్దాం," అని లేచారు.

ఆయన వెళ్ళాక టీచరు ఇక ఆగలేకపోయింది. "అందరూ కలిసి నన్ను నట్టేట ముంచారు," అంది.

వంటావిడ కళ్ళనిండా నీళ్ళు.

"రోజూ నత్తమ్మ ముందు చదివేదండీ. ఆవిడ అన్ని తప్పులు చదివాక, నా తప్పు ఎవరికి కనబడుతుందిలే అని ధైర్యంగా ఉండేది. ఇవాళ ముందు నేనే అయ్యేసరికి నోరు రాలేదు."

టీచరు ముఖం మీద ఎవరో చన్నీళ్ళు కొట్టినట్టయింది. నత్తమ్మను పిలుచుకురావాలి. పెద్దసారు కాళ్ళావేళ్ళా పడైనా ఇంకోసారి రప్పించాలి. ఒక వానరోజు ఆవిడకు గొడుగు పట్టి దిగబెట్టిన ఇస్త్రీ ఆయన ఇంటి గుర్తులు చెప్పాడు.

ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింటావిడ ఆరిన బట్టలు తీస్తూ పలకరించింది.

"పొద్దున్నే వాళ్ళమ్మాయి వచ్చి తీసుకెళ్ళిపోయింది. ఈవిడ భర్త పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల రమ్మంటూనే ఉంది. 'సాయంత్రాలు నాకు పనుంది, నేను లేకపోతే కుదరదు' అంటూ ఈవిడే కదిలేది కాదు. నిన్న రాత్రి ఇంటికొచ్చి, 'ఇక నాతో పని లేదట, వెళ్ళిపోతాను' అంది."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఇంకెక్కడొస్తారమ్మా. సామాను కూడా పంపించెయ్యమన్నారు. ఇంతకీ మీరెవరు?"

"ఆవిడకు చదవడం నేర్పే టీచర్ని."

పక్కింటావిడ ఫక్కున నవ్వబోయి, టీచరు ముఖం చూసి ఆగిపోయింది.

"ఆవిడకా? చదువు చెప్పడం ఎలాగో టీచర్లకు నేర్పే కాలేజీలో, రిటైరయ్యేదాకా పెద్ద మేడం ఆవిడే కదమ్మా."